హన్నా తిరగలి

శనివారం పొద్దున గ్రైండర్‌లో మినప్పప్పు వేసి స్విచ్ నొక్కగానే మొదట ఒక గరగర వస్తుంది. పప్పు ఇంకా నలగకముందు రాయి రాయిని ఒరుసుకునే చప్పుడు అది. కాసేపటికి పిండి నురగ కట్టి ఆ చప్పుడు మెత్తబడుతుంది కానీ, వినబడినంతసేపూ నా చూపు పక్కింటి వైపు గోడ మీదే ఉంటుంది. ఆ గోడకి అవతల ఇప్పుడొక తమిళ జంట ఉంటోంది. వాళ్ళకీ గ్రైండర్ ఉంది. అంచేత ఎవరూ వచ్చి నా తలుపు కొట్టరు. కొట్టాల్సిన మనిషి పోయింది.

ఆవిడ పేరు రూత్. ఆవిడ గురించి మా న్యూజెర్సీ పార్సిప్పనీ తెలుగువాళ్ళ పాట్‌లక్కు విందుల్లో ఒక కథ తిరుగుతోంది. పక్కింట్లో ఒంటరి అమెరికన్ ముసలావిడ, చూసే దిక్కు లేదు, వసుంధర పెద్ద మనసు చేసుకుని కారులో తిప్పింది, పప్పన్నం పెట్టింది, చివరిదాకా చూసుకుంది అని. వినడానికి బాగుంటుంది, నాకు పుణ్యం కూడా దక్కుతుంది. కానీ అందులో ఒక్క ముక్క నిజం కాదు. ఆవిడకి దిక్కు లేకపోవడం కాదు, దిక్కులన్నీ ఆవిడంటే భయపడేవి. పప్పన్నం ఒకసారి పెడితే "తడి సిమెంటులా ఉంది" అని గిన్నె వెనక్కి తోసింది. ఇక సంతాపసభలో ఆవిడ తరఫువాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి "ఎంత స్వీట్ లేడీయో" అంటుంటే, పెట్టెలోంచి లేచి "నువ్వు చూశావా?" అని అడుగుతుందేమోనని నేను ఎదురుచూశాను. స్వీట్ కాదు. నేను చూసుకోలేదు. ఆవిడే నాకు కక్కు కొట్టింది. ఆ మాటకి అర్థం ముందు ముందు చెప్తాను.

మొదటిసారి ఆవిడ వచ్చింది ఈ గ్రైండర్ మీద యుద్ధానికే. మేం ఈ టౌన్‌హౌస్‌లో దిగి నెల కాలేదు. తలుపు తీస్తే పొట్టి జుట్టు, పొడుగు మనిషి, చేతిలో కర్ర. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

"మీ ఇంట్లో ఏదైనా కొండ కదులుతోందా?"

"మా ఇంట్లో పిండి రుబ్బుతున్నాం. శనివారం పగలు చప్పుడు చేసుకోవచ్చని అసోసియేషన్ రూల్స్‌లో ఉంది" అన్నాను. మాటకి మాట ఆలస్యం కాకుండా అనడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

"రూల్స్ చదివావా, ఎవరైనా చెబితే విన్నావా, ఉంటుందని అనుకుంటున్నావా?"

విన్నాను. మా స్నేహితురాలు సుజాత చెప్పింది. సుజాత చదివిందో లేదో నాకు తెలియదు. నేను ఒక్క క్షణం తడబడ్డాను. ఆవిడకి ఆ క్షణం చాలు.

"అయితే నీ వాదన బలహీనంగా ఉంది. గొంతు మాత్రం బాగుంది. ఆ చప్పుడేమిటో చూడొచ్చా?"

లోపలికి వచ్చి, మూత తీసి, రాళ్ళు తిరగడం చాలాసేపు చూసింది. "నిజం రాయే" అంది. "మావాళ్ళింట్లోనూ ఇలాంటిదొకటి ఉంది. మేం దాని మీద చెప్పులు తుడుచుకుంటాం." వేళాకోళమనుకున్నాను.

మా ఆయన శేఖర్ ఆవిడ వెళ్ళాక గదిలోంచి బయటికి వచ్చి, "హమ్మయ్య, ఇన్నాళ్ళకి నీకు సరిజోడు దొరికింది. ఇక నన్నొదిలెయ్యండి" అన్నాడు. ఆయన జోకులు సాధారణంగా పేలవు. అది పేలింది.

రూత్ గారు ఉద్యోగకాలమంతా కోర్టులో స్టెనోగ్రాఫర్. సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు చెయ్యడం పని. "ప్రమాణం చేసి మరీ ఆడే అబద్ధాలని అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టాను" అనేది. ఆ గదుల్లోంచి ఆవిడ తెచ్చుకున్నది మూడు బుట్టల లెక్క: చూసింది, విన్నది, అనుకున్నది. ఏ మాటైనా ఈ మూడింట్లో ఒకదాంట్లో పడాల్సిందే. ఒకసారి సుజాత నా గురించి ఎక్కడో ఏదో అందని నేను రూత్ గారి వరండాలో కూర్చుని నిప్పులు కక్కుతుంటే, చివరిదాకా విని, "ఇందులో సుజాత నోట నువ్వు విన్నదెంత?" అంది. ఆలోచిస్తే ఏమీ లేదు. వేరొకావిడ చెప్పింది, ఆవిడకీ మరెవరో చెప్పారు. "నీకు వాదించడం వచ్చు వసూ, దేని మీద నిలబడి వాదిస్తున్నావో చూసుకోవడం రాదు. అరిచేవాళ్ళని మా జడ్జి ఎప్పుడూ ఆపేవాడు కాదు. వాళ్ళంతట వాళ్ళే ఓడిపోతారని తెలుసు" అంది. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు ఆఫీసులో టెస్టింగ్ మీటింగ్‌లో ఒక మేనేజర్ నా టీమ్ మీద తప్పు తోస్తుంటే, అరవకుండా, "ఇది మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?" అని మాత్రం అడిగాను. ఆయన ముందున్న కాగితాలు తిరగేసి, తప్పు సంగతి వదిలేశాడు. సాయంత్రం వెళ్ళి చెబితే ఆవిడ మెచ్చుకోలేదు. టీ పోసింది, అంతే.

ఆవిడకీ ఏ బుట్టలోనూ పెట్టలేని మాట ఒకటుండేది. ఈ దేశానికి స్వాతంత్ర్యం రాకముందు, జేకబ్ అనే పూర్వీకుడు పెళ్ళాం హన్నానీ ఇద్దరు పసివాళ్ళనీ బండి మీద ఎక్కించుకుని పెన్సిల్వేనియా కొండల్లోకి వచ్చాడు. వాగు పక్కన దుంగలతో ఇల్లు కట్టాడు. మొదటి చలికాలం గడవకముందే హన్నా అడవికి భయపడి, పిల్లల్నీ, తన కోసం మొగుడు తెచ్చిన తిరగలినీ వదిలేసి తూర్పు ఊళ్ళకి పారిపోయింది. జేకబ్ ఒంటరిగా పిల్లల్ని పెంచాడు, రెండు మూడేళ్ళలో వాగు మీద నీటి మర పెట్టాడు, దాని చుట్టూ ఊరు పుట్టింది. ఇదీ వాళ్ళ ఇంట్లో తరాలుగా చెప్పే కథ. రూత్ గారు వయసులో ఉండగా మొగుడి నుంచి విడాకులు తీసుకుంటే వాళ్ళమ్మ అన్న మాట: "హన్నా రక్తం. ఎక్కడికి పోతుంది?"

ఆ మాట నాకు చెప్పేటప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి. అప్పటికీ దాన్ని వాళ్ళమ్మ అన్నట్టే అంది.

ఆ ఏడు ఆకులు రాలేవేళకి ఆ ఊళ్ళో జేకబ్ పేరు మీద ఒక స్మారకశిల పెట్టబోతున్నారు. దాని మీది మాటలు రాస్తున్నది ఆవిడ మేనల్లుడు డేవిడ్. భార్య వదిలి పారిపోయినా చలించక, ఎవరూ లేని అడవిలో ఊరు కట్టిన మహనీయుడు అని రాశాడు. "కథగా ఉన్నన్నాళ్ళు నేను కొట్టిపారేశాను" అంది రూత్ గారు. "రాయి మీదికెక్కితే దిగదు. నేను పోయాక కూడా అది అక్కడే నిలబడి అబద్ధమాడుతుంది."

"అబద్ధమని మీరు చూశారా?" అన్నాను. ఆవిడ బాణం ఆవిడకే.

"లేదు. అదే నా బాధ. చర్చిలు, రికార్డాఫీసులు అన్నీ తిరిగాను. పెళ్ళి వరకూ కాగితాల్లో హన్నా ఉంది. తర్వాత ఎక్కడా లేదు."

"కనబడకపోవడం పారిపోవడానికి సాక్ష్యమా?"

ఆవిడ నాకేసి చూసి, "ఈస్టర్‌కి డేవిడ్ ఇంట్లో భోజనం. నా కళ్ళు హైవేకి పనికిరావు. డ్రైవ్ చేస్తావా?" అంది. అదీ నేను కారులో తిప్పిన కథ. ఆవిడ నన్ను పనిలో పెట్టుకుంది.

డేవిడ్ ఇల్లు అదే వాగు పక్కన, పాత ఇంటి పునాది మీద కట్టింది. పక్క గుమ్మంలోంచి లోపలికి రమ్మన్నాడు. రూత్ గారు కర్ర ఆనించి మెట్టెక్కి వెళ్ళిపోయింది. వెనక నేను కాలెత్తాను, ఆ కాలు గాల్లోనే ఆగిపోయింది. మెట్టు గుండ్రంగా ఉంది. మధ్యలో సిమెంటుతో పూడ్చిన కన్నం.

"తడిగా ఉంది, జారుతుంది" అన్నాడు డేవిడ్. "అది హన్నా రాయి. ఆంట్ రూత్ చెప్పలేదా?"

చెప్పింది, మొదటిరోజే, చెప్పులు తుడుచుకుంటామని. నేనే నమ్మలేదు. నేను తలుపు చట్రం పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, ఆ రాయిని దాటి లోపలికి గెంతాను. యాభైకి దగ్గరపడిన ఆడదానికి తగిన విన్యాసం కాదు. లోపల అందరూ చూస్తున్నారు.

"ఏమైంది?" అన్నాడు డేవిడ్.

"మేం తిరగలిని తొక్కం."

"ఎందుకని?"

"తిండి పెట్టేది కాబట్టి. పొరపాటున కాలు తగిలినా కళ్ళకద్దుకుంటాం."

ఆయన మర్యాదగా నవ్వాడు. భోజనాల దగ్గర వాళ్ళంతా పందిమాంసం హామ్ కోసుకుంటుంటే నేను బంగాళాదుంపలు తింటున్నాను కానీ మనసంతా గుమ్మం దగ్గరే. మా అమ్మమ్మ తిరగలి గుర్తొస్తోంది. విసరగా విసరగా రాయి నున్నబడిపోతే గింజ నలగదు, జారిపోతుంది. అప్పుడు కక్కు కొట్టేవాడిని పిలిచి ఉలితో కొత్త గంట్లు పెట్టించేది. ఆ గంట్లు మళ్ళీ అరగడానికి ఏళ్ళు పట్టేది. గుమ్మం ముందున్న రాయి పైభాగం మోటుగా, గడ్డలుగా ఉంది. ఇన్ని తరాలు తొక్కినా అంచు దగ్గరే నున్నబడింది. గంట్లు లేవు.

"డేవిడ్, మీరు తొక్కుతున్నది దాని వీపు. ముఖం మట్టిలో ఉంది. ఎప్పుడైనా తిప్పి చూశారా?"

"అది ఆ ఇల్లు కట్టినప్పటి నుంచీ అలాగే ఉంది."

"చూశావా?" అంది రూత్ గారు, ఫోర్క్ దించకుండా.

పండగపూట ఇంటి మెట్టు పెకలించడానికి ఎవరికి ఇష్టముంటుంది? కానీ మేనత్త ఒక పక్క, నేనొక పక్క. మనలా దారినపోయేవాళ్ళనల్లా ఆంటీ అనరు వాళ్ళు. అనేది సొంత ఆంటీనే, కాబట్టి వినక తప్పదు. డేవిడ్ గ్యారేజీలోంచి గడ్డపార లాంటి ఇనపకమ్మీ తెచ్చాడు. ఆయన ఎత్తుతుంటే నేను కింద కర్రముక్కలు దోపాను. రాయి మట్టిని వదలనని మొరాయించి, ఒక్కసారిగా చప్పున వెల్లకిలా పడింది. వానపాములు అటూ ఇటూ పారిపోయాయి. రూత్ గారు గార్డెన్ పైపు తిప్పి నీళ్ళు కొట్టింది.

మట్టి కరిగేకొద్దీ గంట్లు బయటపడ్డాయి. కన్నం నుంచి అంచుదాకా, సూర్యుడి కిరణాల్లా. నేను మోకాళ్ళ మీద కూర్చుని వేలితో తడిమాను. పాత గంట్లు దాదాపు చెరిగిపోయి, వాటి మీద మరో వాలున కొత్త గంట్లు, అవీ అరిగి, వాటి మీద మళ్ళీ. రాయికి అడ్డంగా ఒక గులాబీ రంగు చార. రాయి మధ్య నుంచి అంచుకి వచ్చేసరికి అరిగి పల్లమైపోయింది.

"ఇది ఒక్క చలికాలం పని కాదు" అన్నాను.

"తర్వాత జేకబ్ విసిరి ఉంటాడు" అన్నాడు డేవిడ్.

"సొంత నీటి మర ఉన్నవాడు చేత్తో విసురుకుంటాడా? మా ఇంట్లో మిక్సీ కొన్నాక..."

"వసూ, ఆగు." రూత్ గారి గొంతు. "అది అనుకున్నది. చూసింది చెప్పు."

నేను మళ్ళీ గంట్ల మీద వేలు పెట్టాను. "చూసింది: దీని మీద ఎవరో ఏళ్ళ తరబడి విసిరారు. మళ్ళీ మళ్ళీ కక్కు కొట్టుకున్నారు. చూడనిది: ఎవరు, ఎక్కడ. ఇంకొకటి. తిరగలికి రెండు రాళ్ళుంటాయి. పిడి దోపుకునే కన్నం లేదు కాబట్టి ఇది కింది రాయి. పై రాయి ఏదీ?"

 పైపులోంచి నీళ్ళు పారుతున్నాయి. రూత్ గారు పైపు కట్టేసి, "పుట్టిన దగ్గర్నుంచీ ఈ మెట్టెక్కుతున్నాను. ఆ ప్రశ్న నాకు రాలేదు" అంది. ఆ ఒక్క మాటకి నేను జీవితాంతం బతికేయొచ్చు.

తర్వాత ఆవిడ డేవిడ్‌ని అడిగింది, చుట్టుపక్కల అడవిలో ఇళ్ళు లేనిచోట డాఫొడిల్ పూలు ఎక్కడైనా పూస్తాయా అని. ఆ కొండల్లో పాత ఇళ్ళని వెతికే పద్ధతి అది. దుంగలు కుళ్ళిపోతాయి, మేకులు తుప్పుపడతాయి, కానీ గుమ్మం ముందు ఒక ఆడమనిషి పాతిన దుంప చావదు, ప్రతి వసంతానికీ లేచి, ఇక్కడొక గడప ఉండేదని చెబుతుంది. డేవిడ్ నెత్తి గోక్కున్నాడు. "టర్కీ కోళ్ళ వేటకి వెళ్ళినప్పుడు పైన, కొండ భుజం మీద పసుపుపచ్చగా పూలు..."

"చూశావా, విన్నావా?"

"చూశాను, ఆంట్ రూత్. ఒట్టు."

తరువాతి శనివారం ఎక్కాం. గుమ్మం రాయి కొలతకి నా చున్నీని దాని మీద పరిచి, రెండు అంచుల దగ్గరా ముడులు వేసుకుని తెచ్చాను. రూత్ గారు పడిపోయిన ప్రతి మాను మీదా కూర్చుంటూ, లేపబోతే కర్రతో అదిలిస్తూ ఎక్కింది. దారి సన్నగా, కానీ తీరుగా ఉంది. ఎవరు వేశారని అడిగితే, తమవాళ్ళు రాకముందు నుంచీ ఇక్కడున్న ఆదివాసీ ఇండియన్ల కాలిబాట అన్నాడు డేవిడ్. "మరి ఎవరూ లేని అడవి అని రాశారే, ఎవరూ లేకుండా బాట ఎలా పడింది?" అన్నాను.  ఆయన తర్వాత తన రాతలోంచి ఆ మాట కొట్టేశాడు. అది నేను చూశాను.

పూలు ముందు కనబడ్డాయి. ఆకులింకా రాని బూడిదరంగు చెట్ల కింద, ఎవరో పిలిస్తే వచ్చి నిలబడినట్టు వరసగా పసుపు. వాటి వెనక చతురస్రంగా కుంగిన నేల, కూలిన పొగగొట్టం రాళ్ళు. ఇంకాస్త వెనక, పాత సమాధుల మీద పెంచే ఒక ముదురాకుపచ్చ తీగ నేలంతా పాకి ఉంది. దాని మధ్య, నాచు పట్టి, సగం నేలలో దిగబడి, ఒక గుండ్రాయి నిలువుగా నిలబడి ఉంది. నడుమ కన్నం. అంచు దగ్గర పిడి దోపుకునే చిన్న కన్నం.

నాకు నోట మాట రాలేదు. ఆ సంగతి శేఖర్‌కి చెబితే ఇప్పటికీ నమ్మడు. చెప్పులు విడిచి వెళ్ళి చున్నీ పట్టాను. ముడి నుంచి ముడికి సరిపోయింది. డేవిడ్ బొటనవేలితో నాచు కొంచెం పక్కకి తోశాడు. రాయికి అడ్డంగా గులాబీ చార.

రూత్ గారు పొగగొట్టం రాళ్ళ మీద కూర్చుంది. కర్ర ఒళ్ళో పెట్టుకుని, "అయితే వదిలి వెళ్ళిన మాట నిజమే" అంది. "వెళ్ళలేదని రుజువు చేద్దామని వచ్చాను. వెళ్ళింది. కాకపోతే వెనక్కి కాదు. ఇంకా పైకి."

"మొగుణ్ణి వదిలింది కానీ, పిల్లలు కంటికి కనబడే దూరం వదల్లేదు" అన్నాను.

"అది అనుకుంటున్నావు."

"కాదు, చూస్తున్నాను. అదిగో." చెట్ల సందుల్లోంచి కిందికి చెయ్యి చూపించాను. డేవిడ్ ఇంటి పొగగొట్టం, గుమ్మం, మేం తిప్పిన రాయి తెల్లగా, అన్నీ కనబడుతున్నాయి.

ఆవిడ కర్ర ఆనుకుని లేచి, నా భుజం పక్కనుంచి చూసింది. నవ్వింది. పక్కింట్లో ఉన్నన్నేళ్ళలో అలా నవ్వగా నేను వినలేదు. "రాసుకో డేవిడ్. ఈసారి వసు గెలిచింది" అంది. మళ్ళీ ఆ రాయి వైపు తిరిగి, వాళ్ళమ్మతో ఆగిపోయిన వాదన అందుకున్నట్టు, "అవునమ్మా, నాది హన్నా రక్తమే" అంది.

స్మారకశిల మీది మాటల కోసం వేసవంతా మేమిద్దరం కొట్టుకున్నాం. నేను ధీరవనిత అన్నాను. "ధైర్యం చూశావా? ఆవిడ రోజూ ఏడ్చి ఉండొచ్చు" అంది. మొగుడి పీడ భరించలేక అన్నాను. "జేకబ్ మీద కేసు నడవలేదు, కొట్టెయ్" అంది. నేను రాసినవన్నీ పోగా మిగిలింది ఇంతే: జేకబ్ వాగు దగ్గర మర కట్టాడు, హన్నా ఈ కొండ మీద వేరుగా ఇల్లు పెట్టుకుని, తన తిరగలి మీద ఏళ్ళ తరబడి విసురుకుని బతికింది. మొదట చప్పగా ఉందనుకున్నాను. ఆకులు రాలేవేళ, ఊరంతా చేరి ఉండగా, డేవిడ్ దాన్ని గట్టిగా చదివినప్పుడు అర్థమైంది, ఆ మాటల్లో తోసెయ్యడానికి ఒక్క ముక్క లేదని. చదవడం అయ్యాక డేవిడ్ గొంతు సవరించుకుని, పక్కన వెల్లకిలా ఉంచిన కింది రాయిని చూపించి, "దయచేసి ఎవరూ తొక్కకండి. తిండి పెట్టింది" అన్నాడు. కోటు వేసుకుని ముందు వరసలో కూర్చున్న రూత్ గారు నా వైపు తిరగలేదు, మోచేత్తో పొడిచింది. ఆవిడకి అంతకంటే పొగడ్త తెలియదు. ఆ తరువాతి చలికాలం ఆవిడ చూడలేదు. కానీ ఆ రోజు చూసింది.

నున్నబడ్డ రాయి మీద గింజ జారిపోతుంది. నా మాటలూ అలాగే ఎవరికీ పట్టకుండా జారిపోతున్న వయసులో, ఆవిడ ఉలి పట్టుకుని వచ్చి గంట్లు పెట్టింది. ఇప్పుడు నేను తక్కువ వాదిస్తానని కాదు. శేఖర్‌ని అడగండి. కానీ నోరు విప్పేముందు కాళ్ళ కింద ఏముందో చూసుకుంటాను.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. ఆసుపత్రిలో ఆవిడనే అడిగాను, "చూడనిది, వదిలెయ్" అంది. నేను వదల్లేదు, వదలను. రెండు రాళ్ళూ కొండ మీదే తిరిగాయి. హన్నా పోయాక ఎవరో ఒకదాన్ని ఆవిడ తల దగ్గర నిలబెట్టారు. రెండోదాన్ని అంత బరువూ మోసుకుని దిగి, అందరూ తొక్కే గుమ్మం ముందు, ముఖం మట్టిలోకి పెట్టి పరిచారు. తొక్కించడానికే పరిచారా, అరిగిన ఆ ముఖానికి ఎవరి కాలూ తగలకుండా దాచారా? ఆ రెండు పనులూ చేసిన చెయ్యి ఒకటేనా?